కణితి మీద స్పెక్ట్రోస్కోపీ పెట్టెను సాఫ్ట్‌వేర్ చేత పెట్టించవచ్చా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు తిరిగి చెబుతాను. మీరు చెన్నైలో ఎం.టెక్. ప్రాజెక్టు కోసం, ఎం.ఆర్.ఐ. చిత్రాల్లో మెదడు కణితిని గుర్తించి దాని హద్దును చూపే మాస్క్ గీసే మోడల్‌ను ఎన్ఎన్ యూ-నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ సాధనంతో తయారుచేశారు. మోడల్ గీసిన మాస్క్ నిపుణులు గీసినదానితో ఎంత కలుస్తుందో 0 నుంచి 1 వరకు చెప్పే డైస్ స్కోరు 0.9 దాకా వచ్చింది. ఇప్పుడు ఆ మాస్క్ కేంద్రబిందువు మీద 20 మి.మీ. ఘనాన్ని నిలిపి, అదే స్పెక్ట్రోస్కోపీ వోక్సెల్‌గా, అంటే రసాయన సంకేతం తీసుకునే పెట్టెగా వాడితే టెక్నీషియన్ చేయి పడకుండా పని జరుగుతుందా అని అడిగారు. రోగి బల్లమీద ఉండగానే ఇదంతా పూర్తవుతుందా, కాంట్రాస్ట్ మందు ఎక్కించక ముందు చేయాలా తరువాతా అన్నవి మీ మిగతా రెండు సందేహాలు.

సమాధానం ఇది: పెట్టె ఎక్కడ ఉండాలో సాఫ్ట్‌వేర్ చేత ప్రతిపాదింపజేయవచ్చు, రోగి బల్లమీద ఉండగానే చేయవచ్చు, చాలా కేసుల్లో ఆ ప్రతిపాదన అనుభవజ్ఞుడైన టెక్నీషియన్ పెట్టినదానికి తీసిపోదు కూడా. అయితే కేంద్రబిందువు పద్ధతిని వదిలేయండి, డైస్ స్కోరును ఈ పనికి కొలబద్దగా తీసుకోకండి, చివరి ఆమోదాన్ని మనిషి చేతిలోనే ఉంచండి. మాస్క్ వేరు, పెట్టె వేరు. కణితి ఎక్కడుందో మాస్క్ చెబుతుంది. పెట్టె మాత్రం ఒక బేరం, అందులో దేన్ని వదులుకుని దేన్ని దక్కించుకోవాలో మాస్క్ చెప్పదు. నేను బెంగళూరులో చాలా ఏళ్లుగా ఎం.ఆర్. ఫిజిక్స్ పనిలో ఉన్నాను, ఇలాంటి పరికరాన్ని ఒక బృందంతో కలిసి రెండుసార్లు కట్టాను. మొదటిసారి మేమూ మీలాగే కేంద్రబిందువుతోనే మొదలుపెట్టాము.

ఈ రంగం కొత్తైన పాఠకుల కోసం రెండు మాటలు. స్పెక్ట్రోస్కోపీలో ఆ పెట్టెలో ఉన్న కణజాలం రసాయన సంకేతం శిఖరాల వరుసగా వస్తుంది. శిఖరాల చోటును పీపీఎం అనే కొలతలో చెబుతారు: 3.2 పీపీఎం దగ్గర కోలిన్, 3.0 దగ్గర క్రియాటిన్, 2.0 దగ్గర ఆరోగ్యవంతమైన నాడీకణాలకు గుర్తయిన ఎన్.ఏ.ఏ., 1.3 దగ్గర లాక్టేట్, కొవ్వు కనిపిస్తాయి. గ్లయోమా అనే మెదడు కణితిలో సాధారణంగా కోలిన్ పెరిగి ఎన్.ఏ.ఏ. తగ్గుతుంది. ఐడీహెచ్ జన్యువు మార్పు చెందిన గ్లయోమాల్లో 2-హైడ్రాక్సీగ్లుటరేట్ అనే రసాయనం పేరుకుంటుందని 2009లో బయటపడిన తరువాత, 2.25 పీపీఎం దగ్గరి ఆ చిన్న శిఖరాన్ని శస్త్రచికిత్సకు ముందే పట్టుకోవాలన్న ఆసక్తి పెరిగింది. పెట్టె తప్పుచోట ఉంటే ఈ శిఖరాలన్నీ తప్పుచోటివే అవుతాయి.

ఇక కేంద్రబిందువు సంగతి. 40 మి.మీ. వ్యాసం ఉన్న గుండ్రటి కణితిని ఊహించండి. చుట్టూ 8 మి.మీ. మందాన సజీవమైన అంచు, లోపల 24 మి.మీ. మేర చచ్చిపోయిన కణజాలం, అంటే నెక్రోసిస్. గ్లయోబ్లాస్టోమా అనే తీవ్రమైన గ్లయోమాలో ఇది రోజూ చూసే బొమ్మే. దాని నడిమధ్య 20 మి.మీ. ఘనం పెడితే, పెట్టెలో సుమారు 80 శాతం నెక్రోసిసే ఉంటుంది. లెక్క కట్టి చూసుకోవచ్చు. కోలిన్ పడిపోతుంది, కొవ్వు, లాక్టేట్ మాత్రమే ఎత్తుగా నిలుస్తాయి, చదివే డాక్టరుకు అది పెద్దగా పనికిరాదు. ఆపరేషన్ అయిన రోగిలో పరిస్థితి ఇంకా విచిత్రం: మిగిలిపోయిన కణితి కుహరం చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో ఉంటే, మాస్క్ కేంద్రబిందువు మాస్క్ బయట, నీళ్లున్న కుహరంలో పడుతుంది. మొదటి వారంలోనే మాకు అలాంటి కేసు తగిలింది. స్క్రీన్ మీద పెట్టె నీళ్లలో తేలుతుంటే చూసిన రేడియాలజిస్ట్ ఏమీ అనకుండా మౌస్ మా వైపు జరిపారు.

సరే, పెట్టెను సజీవ భాగంలోకి జరిపి చిన్నది చేద్దామంటే అక్కడ మరో బేరం ఎదురవుతుంది. సంకేతం పెట్టె పరిమాణాన్ని బట్టి నేరుగా పెరుగుతుంది, స్కాన్ కాలాన్ని బట్టి మాత్రం వర్గమూలంగానే పెరుగుతుంది. 20 మి.మీ. ఘనం అంటే 8 మి.లీ.; దాన్ని 15 మి.మీ.కి తగ్గిస్తే 3.4 మి.లీ. దిగువకు వస్తుంది. రెండు సెకన్ల టీఆర్ (ఒక్కో కొలతకు పట్టే సమయం), 128 సగటులతో మొదటిది 4 నిమిషాల 16 సెకన్లలో అయిపోతే, రెండోదానితో అదే నాణ్యత కావాలంటే సుమారు 24 నిమిషాలు పడుతుంది. అంతసేపు ఎవరూ కదలకుండా పడుకోరు. కాబట్టి పెట్టెలో కణితి వాటాను ఒక్కదాన్నే గరిష్ఠం చేయమంటే మీ ప్రోగ్రాం గోళీ అంత పెట్టెను ఇస్తుంది, కణితి మొత్తం సంకేతాన్నే గరిష్ఠం చేయమంటే పక్కనున్న మంచి మెదడును కూడా మింగేసే పెద్ద పెట్టెను ఇస్తుంది. రెండింటికీ కనీస హద్దులు పెట్టి, ఆ మధ్యలో వెతకాలి. మేము 2-హైడ్రాక్సీగ్లుటరేట్ కోసం చేసేటప్పుడు పరిమాణం వైపు, కోలిన్ నిష్పత్తి చాలనుకున్నప్పుడు స్వచ్ఛత వైపు మొగ్గేవాళ్లము. ఆ మొగ్గును డాక్టరు ప్రశ్న నిర్ణయించాలి గానీ కోడ్‌లో దాగిన ఒక అంకె నిర్ణయించకూడదు.

ఇప్పుడు మీరు వాడిన శిక్షణ సమాచారం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది జారిపడేది ఇక్కడే. మెదడు కణితులను గుర్తించే మోడళ్ల కోసం 2012లో మొదలైన బ్రాట్స్ పోటీ డేటాతోనే మీరూ మోడల్‌ను నేర్పి ఉంటారు. ఆ డేటాలో కణితి భాగాలకు అంకెలతో లేబుళ్లు ఉంటాయి; 1వ లేబుల్‌కు 2017 నుంచి కొన్నేళ్ల పాటు ఉన్న అర్థం ‘నెక్రోసిస్ మరియు కాంట్రాస్ట్ తీసుకోని కణితి’, రెండూ కలిపి. దాన్ని నెక్రోసిస్ అనుకుని పెట్టెలోకి రానివ్వవద్దని నియమం రాశారనుకోండి, గ్లయోబ్లాస్టోమాలో అంతా సజావుగానే కనిపిస్తుంది. తక్కువ గ్రేడు గ్లయోమా వచ్చేసరికి కణితి గట్టి భాగం చాలావరకు ఆ లేబుల్‌లోనే ఉంటుంది కాబట్టి, మీ ప్రోగ్రాం కణితిని వదిలేసి దాని చుట్టూ ఉన్న వాపులోకి పెట్టెను తోస్తుంది. ఐడీహెచ్ మార్పు ఎక్కువగా ఉండేది, స్పెక్ట్రోస్కోపీ నిజంగా అక్కరకు వచ్చేది సరిగ్గా ఆ కణితుల్లోనే.

రెండింటినీ విడదీయడానికి, నీటి సంకేతాన్ని అణిచివేసే ఫ్లెయిర్ రకం ఎం.ఆర్. చిత్రంలో నల్లబడిన భాగాన్ని నెక్రోసిస్‌గా తీసుకుందామన్న ఆలోచన మీకు రావచ్చు, మాకూ వచ్చింది. అందులోనూ ఒక గొయ్యి ఉంది. ఐడీహెచ్ మార్పు ఉండి, 1పీ/19క్యూ అనే క్రోమోజోమ్ భాగాల లోపం లేని ఆస్ట్రోసైటోమా రకం గ్లయోమాల్లో కొన్ని టీ2 అనే ఇంకో రకం చిత్రంలో తెల్లగా మెరుస్తూ, ఫ్లెయిర్‌లో అంచు తప్ప లోపలంతా నల్లబడి కనిపిస్తాయి. రేడియాలజిస్టులు దీన్ని టీ2-ఫ్లెయిర్ మిస్‌మ్యాచ్ గుర్తు అంటారు. ఆ నలుపు సజీవమైన కణితి. మాకు కాస్త నమ్మకంగా పనిచేసింది నీటి అణువుల కదలికను చూపే డిఫ్యూజన్ పటం: కణాలు దట్టంగా ఉన్నచోట ఆ కదలిక కొలత అయిన ఏడీసీ తక్కువగా, నెక్రోసిస్‌లో ఎక్కువగా ఉంటుంది. చీముగడ్డలో మాత్రం లోపలి చీమే ఏడీసీ తక్కువగా చూపి మోసం చేస్తుంది కాబట్టి దీన్నీ ఒంటరిగా నమ్మలేము.

చీముగడ్డ మాట వచ్చింది కాబట్టి మన ప్రాంతపు సంగతి ఒకటి చెబుతాను. బెంగళూరు ఆసుపత్రులకు అనంతపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చే రోగుల్లో కాంట్రాస్ట్ ఇచ్చాక ఉంగరంలా వెలిగే గడ్డలన్నీ గ్లయోమాలు కావు. క్షయ గడ్డలు, పంది బద్దెపురుగు తిత్తులు కూడా అలాగే వెలుగుతాయి. గ్లయోమాలు మాత్రమే చూసి నేర్చుకున్న మోడల్ వాటి మీద కూడా తడబడకుండా ‘వెలిగే కణితి’ అని ముద్ర వేస్తుంది. పైగా క్షయ గడ్డలో మనకు కావలసిన సమాచారం మధ్యలోని జున్నులాంటి పదార్థంలో, 1.3 పీపీఎం దగ్గర ఎత్తుగా నిలిచే కొవ్వు శిఖరంలో ఉంటుంది. చీముగడ్డలో అయితే చీములోనే 1.9 దగ్గర అసిటేట్, 2.4 దగ్గర సక్సినేట్ కనిపించవచ్చు. అంటే ‘మధ్య భాగాన్ని తప్పించు’ అన్న నియమం గ్లయోమాకు సరైనదైనా వీటికి తలకిందులవుతుంది. అందుకే మా రెండో ప్రయత్నంలో ఉంగరపు గడ్డ ఎదురైనప్పుడు ప్రోగ్రాం రెండు పెట్టెలు చూపేది, అంచు మీద ఒకటి, లోపల ఒకటి. ఏది కావాలో రేడియాలజిస్ట్ ఎంచుకునేవారు.

వెతికే పద్ధతి మీరు అనుకున్నంత కష్టమేమీ కాదు. పెట్టెకు మొత్తం తొమ్మిది అంకెలు: స్థానానికి మూడు, కొలతలకు మూడు, వాలుకు మూడు. ఘనమే కావాలన్న పట్టుదల వదిలితే సగం సమస్య తీరుతుంది, ఎందుకంటే పైన చెప్పిన ఉంగరంలో ఇమిడేది అంచు మందాన్ని బట్టి పలచగా, అంచు వెంట పొడవుగా ఉండే ఇటుక లాంటి పెట్టె. మేము చేసింది ఇంతే: మాస్క్‌ను కొన్ని డిగ్రీల చొప్పున వేర్వేరు వాలుల్లో తిప్పి, ప్రతి వాలులోనూ ఏ పెట్టెలో ఎంత కణితి ఉందో వెంటనే చెప్పే మొత్తాల పట్టిక కట్టి, కొన్ని ఎంచుకున్న కొలతల పెట్టెలను అన్ని స్థానాల్లోనూ ఒకేసారి లెక్కగట్టడం. మామూలు కంప్యూటర్ మీదే పని అయిపోతుంది, దీనికి మరో న్యూరల్ నెట్‌వర్క్ అక్కర్లేదు. ఇంకో లాభమేమిటంటే, ఈ పెట్టె ఇక్కడే ఎందుకు వచ్చిందని టెక్నీషియన్ అడిగితే కణితి ఇంత, నెక్రోసిస్ ఇంత, నీరు ఇంత అని అంకెలతో చూపించవచ్చు.

మీరు గీసే పెట్టె నిజానికి ఒక్క పెట్టె కాదు, ఒక్కో రసాయనానికి అది కొద్దిగా పక్కకు జరుగుతుంది. 3 టెస్లా యంత్రంలో ఒక పీపీఎం అంటే సుమారు 128 హెర్ట్జ్. ప్రెస్ అనే స్పెక్ట్రోస్కోపీ పద్ధతిలో పెట్టె హద్దులను నిర్ణయించే రీఫోకసింగ్ పల్స్ పౌనఃపున్య వెడల్పు 1200 హెర్ట్జ్ అనుకుంటే, కోలిన్‌కు, లాక్టేట్‌కు మధ్య ఉన్న 1.9 పీపీఎం తేడా వల్ల ఆ రెండింటి పెట్టెలు 20 మి.మీ.లో దాదాపు 4 మి.మీ. పక్కకు జరుగుతాయి. రెండు దిశల్లోనూ అలా జరిగితే ఆ రెండు పెట్టెలకు ఉమ్మడిగా మిగిలేది 64 శాతమే. కోలిన్ కణితి నుంచి, లాక్టేట్ సగం పక్కింటి నుంచి వస్తుంటే వాటి నిష్పత్తికి అర్థమేముంది? కాబట్టి పెట్టెకు స్కోరు లెక్కించేటప్పుడు ముఖ్యమైన ప్రతి శిఖరానికీ జరిగిన పెట్టెను విడిగా లెక్కలోకి తీసుకోండి. మీ యంత్రంలో సెమీ-లేజర్ అనే మరో పద్ధతి ఉంటే అదే వాడండి. దాని పల్స్‌ల వెడల్పు ఎక్కువ కాబట్టి ఈ జరుగుడు బాగా తగ్గుతుంది, 2019లో వచ్చిన నిపుణుల ఏకాభిప్రాయ పత్రం కూడా దాన్నే సిఫారసు చేసింది.

తప్పించవలసిన చోట్లు కూడా ఉన్నాయి: నెత్తి చర్మం కింది కొవ్వు, మెదడు జఠరికల్లోని నీరు, సైనస్‌ల పైభాగం, చెవి వెనుక ఎముక పక్కన, పాత రక్తస్రావం, సున్నం పేరుకున్నచోటు, ఆపరేషన్ క్లిప్పులు. ఇవన్నీ అయస్కాంత క్షేత్రపు సమతను చెడగొట్టేవో, అనవసరపు సంకేతాన్ని తెచ్చేవో. బ్రాట్స్ చిత్రాలు పుర్రె తీసేసి ఇస్తారు కాబట్టి, వాటితో నేర్చిన మోడల్‌కు నెత్తి అనేది ఒకటుందనే తెలియదు. ఆ దూరాన్ని అసలు చిత్రం నుంచి మీరే కొలిచి ఇవ్వాలి. రక్తపు మరకలు, వాటికి సున్నితమైన ఎస్‌డబ్ల్యూఐ రకం చిత్రంలో తప్ప సరిగా కనబడవు.

మా పొరపాటు ఒకటి వివరంగా చెబుతాను, మీ సమయం కొంత మిగులుతుంది. స్కానర్ ఇచ్చే డైకామ్ చిత్రాల్లో అక్షాలు రోగి ఎడమవైపుకు, వెనక్కు పెరుగుతాయి. పరిశోధనలో వాడే నిఫ్టీ ఫైళ్లలో కుడివైపుకు, ముందుకు పెరుగుతాయి. మోడల్ నిఫ్టీలో పనిచేస్తుంది, స్కానర్‌ను నడిపే కన్సోల్ డైకామ్ లెక్కలో మాట్లాడుతుంది. మార్పిడి కోడ్‌లో మేము ఒక మైనస్ గుర్తు మరిచిపోయాము. ఫాంటమ్ అనే గుండ్రటి పరీక్ష బంతి మీద పదిసార్లు పరీక్షించినా అది బయటపడలేదు, ఎందుకంటే గుండ్రటి బంతికి కుడి ఎడమలు ఒకటే. ఒక వాలంటీర్ తలమీద, కుడివైపు ఉద్దేశించిన పెట్టె ఎడమవైపు వెళ్లి కూర్చున్నప్పుడు గానీ మాకు తెలియలేదు. అది రోగి తల కాకపోవడం మా అదృష్టం. అప్పటినుంచి ఫాంటమ్ కుడి పక్కన ఒక చేపనూనె మాత్రను టేపుతో అంటించి, ముందువైపు ఇంకొకటి కాస్త ఎత్తులో అంటించి, వాటిని గురిగా పెట్టి పెట్టె సరిగ్గా వాటి మీదే పడుతోందా అని చూడనిదే ఏ కొత్త వెర్షన్‌నూ స్కానర్ గదిలోకి రానివ్వలేదు. వాలు అంకెల విషయంలోనూ ఇలాగే జాగ్రత్తపడండి. మూడు భ్రమణాలను ఏ వరుసలో చేస్తారన్నది కంపెనీని బట్టి మారుతుంది, వరుస మారితే పెట్టె మారుతుంది.

టెక్నీషియన్ చేయి పడకుండా అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు, కోపంతో కాదు గానీ అనుభవంతో చెబుతున్నాను. మా దగ్గర చిత్తూరు జిల్లాకు చెందిన ఒక సీనియర్ టెక్నీషియన్ ఉండేవారు. ప్రోగ్రాం పెట్టిన పెట్టెను మేము మూడు తలాల్లో చూసి తృప్తిపడుతుంటే, ఆయన మౌస్ చక్రం తిప్పుతూ పెట్టె పైఅంచు దాకా, మళ్లీ కిందిఅంచు దాకా వెళ్లి, “నడిమధ్య ముక్కలో బాగుంటే చాలదు సార్, పైముక్కా కిందిముక్కా కూడా చూడాల” అన్నారు. పైముక్కలో ఒక మూల జఠరికలో మునిగి ఉంది. మా స్కోరులో ఆ నీటి వాటా మూడు శాతమే, అందుకే ప్రోగ్రాంకు అభ్యంతరం కనబడలేదు. ఆయన పెట్టెను మూడు మిల్లీమీటర్లు కిందికి నొక్కారు. ఆరోజు నుంచి మేము ఆమోదించు, జరుపు, తిరస్కరించు అని మూడు బొత్తాలు పెట్టి, ఎవరు ఎటు ఎంత జరిపారో నమోదు చేయడం మొదలుపెట్టాము. ఆ జరుపుళ్ల పట్టిక మా దగ్గరున్న శిక్షణ సమాచారం అన్నింటికంటే విలువైనదిగా తేలింది. మీరు కోడ్ రాయకముందే రెండు వారాలు కన్సోల్ పక్కన కూర్చుని, పెట్టెను జరిపిన ప్రతిసారీ ఎందుకు జరిపారని అడిగి రాసుకోండి.

డైస్ 0.9 చాలదా అన్నారు కదా. పెట్టె కణితి లోపల ఉంటుంది కాబట్టి అంచు రెండు మిల్లీమీటర్లు అటూఇటూ అయినా దానికి పెద్ద తేడా రాదు; లోపల నెక్రోసిస్ సరిగా గుర్తించారా లేదా అన్నదే దాని తలరాత. పోల్చి చూడాలంటే, ఒకే రోగికి ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్ల చేత ఒకరిది ఒకరికి చూపకుండా పెట్టెలు పెట్టించండి. వాళ్ల మధ్యే ఎంత తేడా ఉందో ముందు తెలుసుకుని, ఆ తేడాలోపల మీ ప్రోగ్రాం ఉందేమో చూడండి. తరువాత ఏది ఎవరు పెట్టారో చెప్పకుండా రేడియాలజిస్ట్ చేత మార్కులు వేయించండి. చివరికి స్పెక్ట్రమ్‌నే చూడాలి: శిఖరాలు సన్నగా ఉన్నాయా, శిఖరాలను కొలిచే ఎల్‌సీమోడల్ వంటి ప్రోగ్రాం ఇచ్చే క్రేమర్-రావ్ హద్దులు, అంటే కొలతలోని అనిశ్చితి అంచనాలు, సరిపోతున్నాయా అని. దీనికి ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి. రోగ నిర్ధారణకు వాడే సాఫ్ట్‌వేర్ మన దేశంలో 2017 వైద్య పరికరాల నియమాల పరిధిలోకి వస్తుంది కాబట్టి, పరిశోధనగా చేస్తున్నామన్న హద్దు దాటకండి.

సమయం గురించి: ఆలస్యమంతా లెక్కలో ఉండదు, చిత్రాలు కన్సోల్ నుంచి మీ కంప్యూటర్‌కు చేరడంలో, అంకెలను తిరిగి కన్సోల్‌లో కొట్టడంలో ఉంటుంది. కొన్ని కన్సోళ్లలో స్థానం ముందు ఎడమ, వెనుక, తలవైపు అని సూచించే అక్షరం ఉంటుంది, దాన్ని ఒకరు చదువుతుంటే ఇంకొకరు కొట్టే పద్ధతి పెట్టండి. ఇంతలో రోగి కదులుతాడు. రాత్రంతా బస్సులో వచ్చిన మనిషి యంత్రం హోరులోనే నిద్రపోతాడు, గురక మొదలైతే గడ్డం మెల్లగా కిందికి వాలుతుంది. స్పెక్ట్రోస్కోపీకి ముందు అర నిమిషం లోపు అయిపోయే, తల ఎక్కడుందో చూపే లొకలైజర్ చిత్రం ఒకటి మళ్లీ తీసి, పాత చిత్రంతో సరిపోల్చి, పెట్టెను ఆ మేరకు జరపండి. తెలుగు రోగి అయితే తెలుగులోనే ఒక మాట చెప్పించండి, అది ఏ సరిపోల్చే ప్రోగ్రాం కంటే బాగా పనిచేస్తుంది.

మీరు అడగని విషయం ఒకటి. ఈ పరికరం వల్ల నిజమైన లాభం నాకు కనిపించింది మొదటి స్కాన్‌లో కాదు, మూడు నెలల తరువాతి స్కాన్‌లో. వేరే టెక్నీషియన్ వేరే వాలులో పెట్టె పెడితే కోలిన్ తగ్గింది మందు వల్లనా, పెట్టెలో మంచి మెదడు ఎక్కువ పడడం వల్లనా అన్నది చెప్పలేము. పాత పెట్టెను కొత్త చిత్రం మీదికి తెచ్చి పెట్టడం సాఫ్ట్‌వేర్‌కు తేలిక. అయితే రేడియేషన్ తరువాత కణితి కుంచించుకుపోతే, పుర్రె లెక్కన అదే చోటు ఇప్పుడు సగం మామూలు కణజాలం కావచ్చు. అదే చోటును చూడాలా, అదే నియమంతో కణితిని కొత్తగా వెతకాలా అన్నది రేడియాలజిస్ట్‌ను అడిగి, ఏది చేశారో నమోదు చేయండి.

చివరగా కాంట్రాస్ట్ సంగతి. గెడోలినియం ఉన్న ఈ కాంట్రాస్ట్ మందు ఇచ్చిన తరువాత కోలిన్ శిఖరం కొద్దిగా తగ్గవచ్చని చూపిన పరిశీలనలు ఉన్నాయి, కాబట్టి వీలైతే ముందే స్పెక్ట్రోస్కోపీ చేయడం మంచిది. కానీ ఉంగరపు గడ్డలో అంచు ఎక్కడుందో కాంట్రాస్ట్ లేకుండా సరిగా తెలియదు. అందువల్ల ఫ్లెయిర్, టీ2, డిఫ్యూజన్ చూసి గడ్డ గట్టిగా, ఏకరీతిగా ఉందనిపిస్తే కాంట్రాస్ట్‌కు ముందు, మధ్యలో నెక్రోసిస్ ఉందనిపిస్తే తరువాత చేసేవాళ్లము. మీ మోడల్ కాంట్రాస్ట్ చిత్రంతో కలిపి నాలుగు రకాల చిత్రాలతో నేర్చినదైతే కాంట్రాస్ట్ చిత్రం లేకుండా నడవదు. ఆ చిత్రాన్ని తీసేసి రెండో మోడల్‌ను విడిగా నేర్పించండి. ఏ వరుసలో చేశారో రిపోర్టులో రాయించండి, తరువాతి స్కాన్‌లోనూ అదే వరుస పాటించాలి.